నెహెమ్యా కోపం

ఆత్మకూరు బస్టాండులో నెహెమ్యా పేరు చెబితే టీ అంగడాయన మొదలుకొని అడవి తేనె అమ్ముకునే చెంచు ఆడోళ్ల దాకా అందరికీ తెలుసు. ఇరవై ఏండ్లకు పైగా నల్లమల ఘాటులో శ్రీశైలం బస్సు తోలినాడు. ఎత్తరి, దానికి తగిన వెడల్పు. శివరాత్రి రోజుల్లో మాల వేసుకున్న భక్తులతో బస్సు కిక్కిరిసిపోయేది. నెహెమ్యా తాళంచెవి తిప్పే ముందు కండ్లు మూసుకుని ఏసయ్యకు రెండు మాటలు చెప్పుకునేవాడు. ఆ తర్వాత వెనక్కి తిరిగి, "ఇంగ మీ శివయ్యకు మీరు చెప్పుకోండప్పా, పోదాం" అనేవాడు. బస్సంతా నవ్వేది.

ఆయన భార్య రూతమ్మ. ఊరి బయట వాళ్లకున్న మెట్టచేను ఆమె చేతిమీదనే నడిచేది. కొర్ర, కంది వేసేది. ఒక్కతే కూతురు జెస్సీ, కడపలో ఒక బడిలో టీచరు. సంసారం కూడా అక్కడే.

నెహెమ్యా పుట్టి పెరిగింది జొన్నరొట్టె, కొర్రన్నం మీద. బస్సు ఉద్యోగం వచ్చిన నాటినుంచి వాటి మొహం చూడలేదు. "తెల్లన్నం తినేకే గదా మే ఇంత కష్టపడింది" అనేవాడు భార్యతో. చేలో పండిన కొర్రలు సంచులకెత్తి అమ్మించేవాడు, ఇంట్లో మాత్రం రెండు పూటలా బియ్యమే. డ్యూటీలో ఉంటే పొద్దున్నే దోర్నాలలో ఉగ్గాని బజ్జి, బండి ఆగిన ప్రతిచోటా చిక్కటి చక్కెర టీ. రోజంతా సీటులో కూర్చునుండటం, ఇంటికొచ్చి రాశి పోసినట్లు అన్నం తిని పడుకోవడం. పొట్ట ముందుకొచ్చింది. నలభై అయిదేండ్లప్పుడు చర్చి ఆవరణలో మెడికల్ క్యాంపు పెడితే, రక్తం చూసి చక్కెర జబ్బన్నారు.

"అది షావుకార్ల జబ్బు మే. మనకొచ్చిందంటే మనమూ షావుకార్లమైనట్లే" అని ఇంటికొచ్చి నవ్వినాడు. మాత్రలు ఇచ్చినారు. గుర్తొస్తే వేసుకునేవాడు, లేకుంటే లేదు. జబ్బు సంగతి డిపోలో తెలిస్తే స్టీరింగు మీదనుంచి దించేస్తారేమోనని రెండోసారి పరీక్షకు పోనే లేదు. ఎక్కడా నొప్పి లేదు, మనిషి గట్టిగా ఉన్నాడు. రూతమ్మ కూడా గట్టిగా పట్టుబట్టలేదు.

అట్లా పదేండ్లు గడిచినాయి.

రెండువేల నాలుగో సంవత్సరం ఎండాకాలంలో ఒక సాయంత్రం, కండక్టరు కంబన్న ఒంటరిగా వాళ్లింటికొచ్చినాడు. ఎప్పుడూ నేరుగా లోపలికొచ్చి మంచినీళ్లడిగే మనిషి, ఆ రోజు వాకిట్లోనే నిలబడినాడు.

"వదినా, అన్న యాడుండాడు?"

"స్నానానికి పాయె. ఏమైంది కంబన్నా, అట్లుండావు?"

కంబన్న గొంతు తగ్గించినాడు. ఆ రోజు దోర్నాల కూడలిలో నెహెమ్యా బండి నడిమధ్యలో నిలిపినాడంట. శ్రీశైలం దారి ఒకపక్క, మార్కాపురం దారి ఇంకోపక్క. వెనక లారీలు హారన్లు కొడుతున్నాయి. కంబన్న విజిల్ వేసినాడు, బండి కదల్లేదు. ముందుకు పోయి చూస్తే నెహెమ్యా రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని, రెండు దార్లనూ మార్చి మార్చి చూస్తున్నాడు.

"'ఎట్ల పోవల్ల కంబన్నా?' అని అడిగినాడొదినా. ఎగతాళనుకుంటి. కండ్లలోకి చూస్తే ఎగతాళి కాదు. భయపడినాడు. నేను గమ్మున పక్కన కూర్చోని, ఇట్ల అన్నా, అట్ల అన్నా అని చెప్పుకుంటా పోతి. ఘాటు ఎక్కినాక మళ్లీ మామూలైపాయె. బస్సులో యాభై మంది ఉండారొదినా."

ఇంట్లో జరిగేవి ఒక్కొక్కటే రూతమ్మ కండ్లముందుకొచ్చినాయి. తాళాలు బియ్యం డబ్బాలో దొరకడం. జెస్సీ బిడ్డ పేరు నోటికి రాక "ఆ పిల్లోడు" అనడం. పాస్టరు చేసే ప్రార్థన మధ్యలో లేచి బయటికి పోయి, ఎందుకొచ్చినాడో తెలియక చర్చి మెట్ల మీద నిలబడిపోవడం. వయసనుకుంది. అలసటనుకుంది.

ఆ రాత్రి అన్నం పెడుతూ మెల్లగా కదిపింది. "కొన్నాళ్లు లీవు పెట్టుకోరాదా? కర్నూలు పోయి చూపించుకుందాం."

"ఎవురు చెప్పినారు నీకు? కంబన్ననా?" నెహెమ్యా కంచం పక్కకు తోసినాడు. "ఎండదెబ్బకు ఒక్క నిమిషం కండ్లు తిరిగినాయి. అంతే. ఇంకోతూరి ఈ మాటెత్తితే ఊరుకునేది లేదు."

మరుసటి రోజు పొద్దున్నే కాకీ బట్టలేసుకుని పోయినాడు. రూతమ్మ ఆ దినమంతా చేలో కందికట్టె ఏరుతా, రోడ్డు మీద ఏ బస్సు హారను వినబడినా తలెత్తి చూసింది. ఘాటు రోడ్డు ఆమెకు తెలుసు. పెండ్లయిన కొత్తలో మొగుడు తనను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని పోయినప్పుడు, కిటికీలోంచి లోయ చూసి కండ్లు మూసుకుంది. ఆ లోయ పక్కన ఇప్పుడాయన దారి మరిచిపోతే? బస్సులో యాభై మంది అన్నాడు కంబన్న.

ఆయన పోతానే ఉన్నాడు. ఆమె అడుగుతానే ఉంది. ఆయన అరుస్తానే ఉన్నాడు. వారం తిరక్కముందే ఒకనాడు రూతమ్మ ఉతికిన చీర కట్టుకుని, ఎవరికీ చెప్పకుండా డిపోకు పోయింది. మేనేజరు ఎదుట నిలబడి, చక్కెర జబ్బు సంగతి, దోర్నాల సంగతి, బియ్యం డబ్బాలో తాళాల సంగతి అంతా చెప్పింది.

"నేను చెప్పినట్లు ఆయనకు తెలియనీయొద్దు సార్" అని బతిమాలింది.

మేనేజరు మంచివాడే. పరీక్షలు చేయించి, స్టీరింగు తప్పించి డిపోలోనే తేలిక పని ఇప్పించినాడు. కానీ చిన్న ఊర్లో అట్లాంటి మాట దాగదు. ఉతికిన చీర కట్టుకుని డిపో గేటు దాటిన రూతమ్మను పదిమంది చూసినారు. నెహెమ్యా ఇంటికొచ్చి, వాకిట్లో నిలబడి, వీధి వీధంతా వినబడేటట్లు అరిచినాడు.

"నా నోట్లో మన్ను కొట్టినావు గదే! ఒక్కనాడు ఒక్క మనిషికి చిన్న దెబ్బ తగలనీలేదు నేను. ఇప్పుడు నేను తోలే బండ్లను తుడవల్లనా? నీ చేతి అన్నం నాకొద్దు."

రూతమ్మ లోపలికి పోయి పొయ్యి ముట్టించింది. ఆమెకు తప్పు చేసినానన్న భావమూ లేదు, చేసింది మంచిదేనన్న ధీమా కూడా లేదు. తేలిక పనికి ఆయన నాలుగునాళ్లు పోయి మానేసినాడు. రిటైర్మెంటు కాయితాల మీద సంతకం పెట్టేటప్పుడు పేరులో ఒక అక్షరం వదిలేసినాడని, తానే చేయి పట్టుకుని రాయించినానని తర్వాత కంబన్న చెప్పినాడు.

ఇంట్లో కూర్చోబెట్టినాక జబ్బు పరిగెత్తింది. వీధిలోకి పోయి ఇల్లు మరిచిపోయేవాడు. తిన్న అయిదు నిమిషాలకే అన్నం పెట్టలేదని గొడవ. నీళ్లు తాగుతూనే ఉండేవాడు, బరువు తగ్గిపోయినాడు. జెస్సీ కడపనుంచి సెలవు పెట్టి వచ్చి, తల్లితో కలిసి ఆయనను కర్నూలు తీసుకుపోయింది. డాక్టర్ సుదర్శన్ నరాల డాక్టరు. తలకు స్కానింగ్ తీయించినాడు, రక్తం చూపించినాడు. కాగితం మీద గుండ్రం గీసిచ్చి గడియారం వేయమన్నాడు. నెహెమ్యా చాలాసేపు శ్రద్ధగా వేసినాడు. అంకెలన్నీ ఒకేపక్క గుంపుగా పడినాయి, రెండో పక్క ఖాళీ. ముళ్లు ఎక్కడ పెట్టాలో తెలియక పెన్ను కూతురి చేతికిచ్చినాడు. జెస్సీ లేచి బయటికి పోయింది.

డాక్టరు పేరు చెప్పినాడు, ఆల్జీమర్స్ అని. రూతమ్మకు ఆ మాట నోరు తిరగలేదు.

"చక్కెర వల్లనే మతి పాయెనా సార్?"

ఆయన కాయితాలు పక్కన పెట్టినాడు. "అవునని ఒట్టు పెట్టి చెప్పలేనమ్మా. కాదనీ చెప్పలేను. మనం తిన్నది రక్తంలో చక్కెర అవుతుంది. అది కండల్లోకి పోవాలంటే ఇన్సులిన్ అనే రసం వచ్చి చెప్పాలి. ఏండ్ల తరబడి కదలకుండా కూర్చుని, అవసరానికి మించి తింటూ పొట్ట పెరిగితే, ఒళ్లు ఆ మాట వినడం మానేస్తుంది. వినని కొద్దీ ఇంకా ఇంకా రసం ఊరాల్సి వస్తుంది. చివరికి అదీ చాలదు. అప్పుడు బయటపడేదే చక్కెర జబ్బు. మెదడులో కూడా, జ్ఞాపకాలుండే చోట ఆ రసానికి పని ఉంది. ఈ మతిమరుపు జబ్బులో మెదడు కూడా అట్లనే మాట వినడం మానేస్తోందేమోనని ఈమధ్య పరిశోధన చేస్తున్నవాళ్లు అంటున్నారు. చక్కెర ఉన్నవాళ్లకు ఇది ఎక్కువగా వస్తోందని తెలుసు. కానీ అందరికీ రాదు. చక్కెర లేనివాళ్లకూ వస్తుంది. ఇంకా తేలాల్సింది చాలా ఉంది."

రూతమ్మకు తన చేను మతికొచ్చింది. వానల్లేక బిరుసెక్కిన నేల మీద ఉన్నట్టుండి కుండపోత పడితే, నీళ్లు పైపైన పారి వంకలో కలిసిపోతాయి. అడుగున వేరు ఎండుతానే ఉంటుంది.

"ఒంట్లో అంత చక్కెర పెట్టుకోని మెదడుకు కరువా సార్?"

"అట్లాగే అయివుండొచ్చమ్మా" అన్నాడు డాక్టరు. మతికి మందు రాసినాడు గానీ, అది కొంచెం నిదానం చేయడానికే, నయం చేయదని ముందే చెప్పినాడు. చక్కెర మాత్రం మాత్రలకు లొంగే స్థితి దాటింది, ఇన్సులిన్ సూదులు వేయాలన్నాడు. నర్సు ఒక కమలాపండు మీద సూది గుచ్చి చూపించింది. సూది వేసినాక తప్పకుండా అన్నం తినిపించాలని, తినకపోతే ప్రాణం మీదికి వస్తుందని రెండుసార్లు చెప్పింది.

ఆనాటినుంచి రూతమ్మ చేనును కౌలుకిచ్చేసింది. ఆయనను వదిలి కదలడానికి లేదు. పొద్దున, సాయంత్రం సూది. స్నానం, బట్టలు, ఆయన పోయిన చోటికల్లా వెనకాల పోవడం. అయితే అన్నిటికన్నా ఆమెను కుంగదీసింది ఆయన కోపం. డిపో మాట ఆయనకు ఇప్పుడు గుర్తులేదు. బస్సు తోలినానన్న సంగతే కొన్ని రోజులు గుర్తుండేది కాదు. కానీ ఆ కోపం మాత్రం ఎక్కడా పోలేదు. ఆమె ఎదురుపడగానే మొహం ముడుచుకునేవాడు. ఆమె పెట్టిన ముద్దను మొహం మీదికి విసిరేవాడు.

"నేనేం చేసినానయ్యా నీకు? చెప్పు" అని ఒకనాడు ఏడుస్తూ అడిగింది.

ఆయన ఆలోచించినాడు. నిజంగానే నుదురు చిట్లించి వెతుక్కున్నాడు. "తెలీదు. శానా చెడ్డ పని చేసినావు" అన్నాడు చివరికి.

ఏం జరిగిందో ఆయనకు గుర్తుంటే ఆమె చెప్పుకోవచ్చు, నీ బాగు కోసమే, ఆ బస్సులోని బిడ్డల కోసమే అని కాళ్లు పట్టుకోవచ్చు. కారణాన్ని చెదలు తినేసినాయి. కోపం ఒక్కటే మిగిలింది. దానికి జవాబు చెప్పేదెట్లా?

రెండువేల ఏడులో, కందులు కొట్టే రోజుల్లో, ఒకనాడు పొద్దున సూది వేసి, రాగిసంగటి, చెనక్కాయల చట్నీ పెట్టి ఆయన ముందు కంచం ఉంచింది. తాను దగ్గర కూర్చుంటే తినడని, కొంచెం పక్కకు పోయి గిన్నెలు తోముకుంది. తిరిగొచ్చి చూస్తే కంచం ఖాళీ. చాలారోజుల తర్వాత గొడవ లేకుండా తిన్నాడని ఆమెకు ప్రాణం లేచొచ్చింది. ఆయన మంచం మీద గమ్మున పడుకున్నాడు. కౌలుకు చేసే సుంకులమ్మ కళ్లం కాడికి ఒక్కసారి రమ్మని కబురు పెడితే, గొళ్లెం పెట్టి పోయింది.

పొద్దెక్కినాక వచ్చి గొళ్లెం తీసేసరికి ఆయన కింద పడివున్నాడు. చొక్కా చెమటకు తడిసి ముద్దయింది, ఒళ్లు మంచు మాదిరి చల్లగా ఉంది, పండ్లు గిట్టకరుచుకుని కాళ్లు కొట్టుకుంటున్నాడు. రూతమ్మ చక్కెర తెచ్చి పెదాల మీద రాసింది. అది ఎంగిలితో కలిసి చెంప మీదుగా కారిపోయింది. ఆమె అరుపులకు వీధి వచ్చింది, కంబన్న జీపు తెచ్చినాడు. ఆత్మకూరు ఆసుపత్రిలో నరానికి గ్లూకోజు ఎక్కించి, అటునుంచటే కర్నూలుకు పంపినారు.

కబురంది కడపనుంచి వచ్చి, బట్టలు తీసుకుపోదామని ఇంటికి పోయిన జెస్సీ, మంచం మీది దుప్పటి తీస్తే దిండు కింద తువ్వాల మూట కనబడింది. విప్పి చూసింది. ఆ పొద్దుటి సంగటి ముద్ద ముద్దగానే ఉంది, చట్నీతో సహా. ఒక్క మెతుకు కూడా నోట్లో పెట్టుకోలేదు. రూతమ్మ చేతి తిండి తినకూడదన్న ఒక్క సంగతి ఆయన మరిచిపోలేదు.

జెస్సీ ఆ మూటను పెరట్లో పూడ్చిపెట్టి, తల్లికి చెప్పకూడదనుకుంది. కానీ ఆసుపత్రి వరండాలో తల్లి పదేపదే, "కంచం ఖాళీగా ఉండె గదమ్మా, తిన్నాడు గదా" అని అడుగుతుంటే తట్టుకోలేక చెప్పేసింది. రూతమ్మ గోడకానుకుని కిందికి జారి కూర్చుంది.

నెహెమ్యా బతికినాడు. రక్తంలో చక్కెర మరీ పడిపోతే మెదడు తట్టుకోదనీ, పెరిగి చేసే చెరుపు ఏండ్లమీద అయితే ఇది గంటల్లో చేస్తుందనీ డాక్టర్ సుదర్శన్ చెప్పినాడు. సూది మోతాదు తగ్గించినాడు. ఇకమీదట చక్కెర కొంచెం ఎక్కువున్నా పర్వాలేదు, పడిపోకుండా చూడమన్నాడు. ఇంతకుముందు నెలల మీద పోయే మతి ఆ ఒక్క పూటలో పోయింది. నడక తడబడింది. మాటలు వేళ్లమీద లెక్కపెట్టేటన్ని మిగిలినాయి.

కోపం కూడా పోయింది.

ఇంటికొచ్చిన మొదటినాడు రూతమ్మ భయపడుతూ ముద్ద కలిపి నోటికందించింది. ఆయన నోరు తెరిచినాడు. బుద్ధిగా నమిలి మింగినాడు. ఆమె మొహంలోకి, దారిలో కలిసిన పెద్దింటి మనిషిని చూసినట్లు మర్యాదగా చూసినాడు.

"నీకు పిల్లలుండారామ్మా?" అని అడిగినాడు.

"ఒక కూతురుండాదయ్యా. కడపలో" అంది రూతమ్మ.

"మంచిది" అన్నాడు, ఇంకో ముద్దకు నోరు తెరుస్తూ.

ముద్ద విసిరినన్నాళ్లు విసరొద్దని దేవుణ్ణి వేడుకుంది. ఇప్పుడు మోకాళ్ల మీద కూర్చుంటే ఏం అడగాలో తెలిసేది కాదు. తిట్టినప్పుడు కనీసం తానెవరో ఆయనకు తెలుసు. చెడ్డదాన్నే కానీ, ఆయన పెండ్లాన్ని. ఇప్పుడెవరు? ఒకసారి ఆ మాటే కంబన్నతో అంటే, ఆ మనిషి తువ్వాలతో కండ్లొత్తుకుని, చెప్పులేసుకుని వెళ్లిపోయినాడు.

మరుసటి ఏడు వానాకాలానికి మింగడం కూడా మరిచిపోయినాడు. గంజి పోస్తే పొరబోయేది. ఊపిరితిత్తుల్లో చేరి జ్వరం పట్టుకుంది, నాలుగురోజులు ఆయాసపడి పోయినాడు. సమాధి కాడికి డిపో డ్రైవర్లు కాకీ బట్టలతోనే వచ్చినారు. పాస్టరు ప్రసంగం చేస్తుంటే రూతమ్మకు ఏడుపు రాలేదు. అందరూ అనుకున్నారు, గుండె రాయి చేసుకుందని. నిజానికి ఆమె శానా అలసిపోయింది. ఎక్కడైనా పడుకుంటే చాలుననిపించింది.

తండ్రి పోయిన కొన్నాళ్లకు జెస్సీ తల్లిని కర్నూలు తీసుకుపోయి రక్తపరీక్ష చేయించింది. రూతమ్మ వద్దంది. "నాకేం రోగం? చేలో పని చేసిన ఒళ్లు."

కానీ చేలో పని చేసి అప్పటికి మూడు నాలుగేండ్లయింది. ఆయనను కనిపెట్టుకుని నాలుగు గోడల మధ్య కూర్చుంది. ఆయన వదిలేసిన అన్నం పారేయలేక తనే తినింది. నిద్ర అనేది ఎరగదు. డాక్టరు కాగితం చూసి, చక్కెర ఇంకా జబ్బు దాకా రాలేదు గానీ అంచుమీద ఉందన్నాడు. ఒళ్లు మాట వినడం తగ్గించిందన్నాడు. నడవమన్నాడు, అన్నం తగ్గించి కొర్రలు, జొన్నలు, పప్పు, ఆకుకూరలు తినమన్నాడు.

"అట్ల చేస్తే నాకు ఆయనకొచ్చింది రాదా సార్?"

"చక్కెర రాకుండా ఆపే అవకాశం బాగా ఉందమ్మా. మతి సంగతి మాట ఇవ్వలేను. మంచిదే అవుతుందని మాత్రం చెప్పగలను."

రూతమ్మ తలూపింది. డాక్టరు అబద్ధం చెప్పనందుకు ఆమెకు కోపం రాలేదు. కానీ ఆ పూట ఎవరైనా అబద్ధం చెప్పివుంటే బాగుండుననిపించింది.

చేనును కౌలునుంచి వెనక్కి తీసుకుంది. మళ్లీ కొర్ర వేసింది. పొద్దున్నే చేనుకు నడిచిపోతుంది, మోకాళ్లు సతాయించిన రోజు సగం దారిలో గట్టు మీద కూర్చుని తిరిగొస్తుంది. జెస్సీ కడపకు వచ్చేయమంటే పోలేదు. అందుకని కూతురు ఒక చిన్న సెల్‌ఫోను కొనిచ్చి, రోజూ సాయంత్రం బడి వదిలినాక మాట్లాడుతుంది. ఏం వండినావు మా? చేనుకు పోయినావా? సుంకులమ్మ ఏమనింది? నిన్న ఆదివారం పాస్టరు ఏ వాక్యం చెప్పినాడు?

మొదట్లో రూతమ్మ సంబరంగా చెప్పేది. కొన్నాళ్లకు అర్థమైంది, ఆ అడగడం వాక్యం కోసం కాదు, వంట కోసం కాదు. కూతురు తన మతిని తడిమి చూస్తోంది. అప్పటినుంచి ఫోను మోగే ముందే పొద్దుటినుంచి జరిగిందంతా మనసులో ఒకసారి చెప్పుకుని సిద్ధంగా కూర్చుంటోంది.

ఒక సాయంత్రం అడిగిందంతా తడబడకుండా చెప్పింది. ఆ తర్వాత, "పిల్లోనికి జ్వరం తగ్గిందామ్మా?" అంది.

అవతల జెస్సీ ఒక్క క్షణం పలకలేదు. ఆ తర్వాత, ఆ మాట అప్పుడే మొదటిసారి విన్నట్లు, "తగ్గింది మా. ఈరోజు బడికి కూడా పాయె" అంది మెల్లగా.

రూతమ్మ ఫోను చెవికి ఆనించుకుని అట్లనే కూర్చుంది. ఇంతకుముందు ఎప్పుడడిగిందో వెతుక్కుంటోంది.